లయల్ పొలంలో కురవని వాన

టామ్సిన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: "ఈ పిల్లకేం తెలియదు" అని ఊరు అనుకోవడం. పదో తరగతి మధ్యలో బడి మానేసింది. మొగుడు గనిలో మూడు వారాలుంటే ఇంట్లో ఒక వారం ఉంటాడు. చంకలో తొమ్మిది నెలల పాప. అయినా కర్రావిల్ ఊరి వారపత్రికలో సంపాదకురాలు నోరీన్ ఆమెకు ఉద్యోగమిచ్చింది. ఇప్పుడు ఆ నోరీనే తుంటి ఆపరేషన్‌కని పట్నం వెళ్తూ పత్రిక మొత్తాన్నీ ఆమె నెత్తిన పెట్టింది.

సోమవారం పొద్దున పని చాలా చిన్నది. చుట్టుపక్కల పొలాలవాళ్ళు వాన కొలిచే గొట్టం చూసుకుని, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఫోనులో చెబుతారు. ఆమె పట్టికలో వేస్తుంది. గురువారం పేపరు రాగానే జనం మొదటి పేజీ తిప్పేసి ముందు ఆ పట్టికే చూస్తారు.

అందరికన్నా ముందు ఫోను చేసేది లయల్. డెబ్బై తొమ్మిదేళ్ళు, ఒంటరి మనిషి, నలభై ఏళ్ళలో ఒక్క సోమవారం తప్పలేదు. అంకె చెప్పాక, పాప రాత్రి నిద్రపోయిందా అని అడుగుతాడు. వారం మొత్తంలో ఆ మాట అడిగేది ఆయనొక్కడే. ఆ సోమవారం ఆయన ఫోను రాలేదు. ఈమె చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

గడి ఖాళీగా వదిలితే ఊరేమనుకుంటుంది? ఆయనకు ఒక పక్క పొలంలో ఎనిమిది, ఇంకో పక్క పన్నెండు. మధ్యలోవాడికి పది అని వేసేసింది. రెండో వారమూ అదే లెక్క. మూడో వారం పెద్దాయన మీద అభిమానం కొద్దీ ఇంకో ఆరు కలిపింది. వాన నీళ్ళు ఎవడబ్బ సొమ్ము?

నెలలో అందరికన్నా ఎక్కువ వాన పడినవాడు శుక్రవారం పబ్బులో అందరికీ బీరు పోయించాలి. అది కర్రావిల్ ఆచారం. ఆ నెల పట్టికలో లయల్ పేరే పైన నిలిచింది. ముప్ఫై మంది దాహంతో వచ్చి కూర్చున్నారు. లయల్ రాలేదు.

శనివారం పొద్దున్నే పక్క పొలం డారిల్ ఫోను.

"అమ్మాయ్, కంచెకిటు నాకు పదమూడు, అటు ఆయనకు పంతొమ్మిదా? మేఘం కంచె చూసుకుని కురిసిందా?"

"ఏమో డారిల్, వాన కదా..."

"వాన కాదు, ముసలాడు కోతలు మొదలెట్టాడు. తీరా పోయించాల్సొచ్చేసరికి ఇంట్లో దాక్కున్నాడు!"

"లయల్ అబద్ధమాడడు!"

"మరి ఆ అంకె ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

టామ్సిన్ మాట మార్చింది. "మీరే వెళ్ళి అడగొచ్చుగా?"

"నేనెళ్తే, తన గొట్టంలో నీళ్ళు నేనే పారబోశానంటాడు. నాకెందుకొచ్చిన గొడవ!"

ఆదివారం చర్చి బయట కూడా అదే మాట. లయల్ గొట్టాన్ని చూరు కింద పెట్టాడని ఒకరు. కరువేళ్ళలో చెప్పిన సున్నాలూ అబద్ధమేనని ఇంకొకరు. నలభై ఏళ్ళ నిజం రెండు రోజుల్లో కొట్టుకుపోయింది.

నాలుగో సోమవారమూ లయల్ ఫోను ఎత్తకపోయేసరికి టామ్సిన్ నోరీన్‌కు ఫోను చేసి ఏడ్చేసింది.

"ఖాళీగా వదిలితే నాకేం తెలియదనుకుంటారని..."

"తెలియకపోతే గీత పెట్టాలే పిల్లా. గీత పెట్టినందుకు ఏ పేపరూ మూతపడలేదు."

"ఇప్పుడేం చెయ్యను?"

"మొదటి పేజీలో, పెద్దక్షరాల్లో, నీ పేరుతో రాయి."

రాసింది. "లయల్ పేరుతో వేసిన మూడు అంకెలూ నేను కల్పించినవి. ఆయన ఏమీ చెప్పలేదు. నాలుగు వారాలుగా ఆయన ఫోను ఎత్తడం లేదు."

గురువారం పొద్దున ఎనిమిదికే ఆఫీసు తెరిచి, తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చుంది. తొమ్మిదైంది. పదైంది. ఫోను మోగలేదు. వీధిలో ఒక్క కారు లేదు. బేకరీ కూడా మూసి ఉంది. తిట్టడానికైనా మనిషి లేని ఊరు. ఇక తన మాట ఎవరూ నమ్మరని పాప జుట్టులో మొహం దాచుకుంది. కాసేపటికి తను రాసినదే మళ్ళీ చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది: ఒంటరి ముసలాయన, నాలుగు వారాలు. పాపను కారులో వేసుకుని బయల్దేరింది.

లయల్ గేటు ముందు ఇరవై కార్లున్నాయి. ఊరంతా ఆ చివరి వాక్యాన్ని నమ్మి ఆమెకన్నా ముందే వచ్చేసింది. వరండాలో లయల్, చేతిలో టీ కెటిలుతో, అందరి మీదా మండిపడుతున్నాడు.

"ఏంటీ జాతర? మొదటి వానకే ఫోను లైను పోయింది, అంతే!"

"మరి ఊళ్ళోకి రావచ్చుగా?" అన్నాడు డారిల్.

"ఎందుకు రావాలి? నేను చెప్పకపోయినా నా వాన పేపర్లో పడిపోతోంది. ఇక నాతో పనేముందిలే అనుకున్నా."

టామ్సిన్ మెల్లగా ముందుకొచ్చింది. "తప్పు నాదండీ. నిజంగా ఎంత పడిందో చెబుతారా?"

లయల్ లోపలికెళ్ళి చిట్టా పుస్తకం తెచ్చాడు. "మూడు వారాలకూ కలిపి పదకొండు. రాసుకో."

"అయితే ఈ నెల అందరికన్నా ఎక్కువ పడింది ఎవరికి?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. అందరి తలలూ డారిల్ వైపు తిరిగాయి.

తర్వాతి వారం పట్టికలో అన్ని అంకెలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని కింద టామ్సిన్ ఇలా వేసింది: "డారిల్ పేరుకెదురుగా గీత ఉంది. ఆ దారిన వెళ్ళేవారు దయచేసి ఒకసారి తలుపు తట్టి చూసి రండి. మనిషి బాగానే ఉంటే, శుక్రవారమని గుర్తు చేయండి."