రెండొందల తొమ్మిది క్షమాపణలు

ఏ సంఘానికైనా రాని సభ్యుణ్ణి మించిన మంచి సభ్యుడు లేడు!

నవ్వకండి. ముప్పై ఏడేళ్లుగా మా లాడ్జికి సెక్రటరీగా ఉన్నవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను. వచ్చే సభ్యుడు హీటర్ తన వైపు తిప్పుకుంటాడు. లాడ్జి పెద్ద, అదే మాస్టర్ గారు, ప్రసంగిస్తుంటే గురక పెడతాడు. బిస్కెట్లు మెత్తబడ్డాయని సణుగుతాడు. రాని సభ్యుడో? ఒక్కనాడైనా పల్లెత్తు మాటన్నాడా?

లాడ్జి అన్నాను కదా అని గది ఖాళీగా ఉందా అని అడక్కండి. మాది ఆ బాపతు కాదు. తెల్ల ఏప్రన్లు కట్టుకుని, తలుపు మూడుసార్లు తట్టి, లోపలికెళ్లి ఒకరినొకరు ‘బ్రదర్’ అని పిలుచుకునే సోదర సంఘం. సౌత్ ఆస్ట్రేలియాలో రాగి గనులు మూతబడ్డాక కూడా కదలని మొండి జనం ఉన్న ఊరు మాది.

మా లాడ్జికి దొరికిన మణిపూస పేరు మెర్వ్ ట్రజెన్. పంతొమ్మిదేళ్ల పాటు ఒక్క మీటింగుకీ రాలేదు. అలాంటి క్రమశిక్షణ మీరెక్కడైనా చూశారా?

ఎందుకు రాలేదంటే, క్యారెట్ వల్ల!

మా ఊళ్లో పాస్టీ అంటే మాటలు కాదు. మాంసం, బంగాళాదుంప, టర్నిప్, ఉల్లిపాయ పిండిలో మడిచి కాల్చాలి. క్యారెట్ వేయకూడదు. వేస్తే, మా తాతలు సమాధుల్లో లేచి కూర్చుంటారు. మెర్వ్ భార్య ఎల్వా వేసింది. ఆ ఏడాది లాడ్జి విందుకి ఒంటిచేత్తో ఎనభై పాస్టీలు చేసి పెట్టింది, అన్నిట్లోనూ క్యారెట్!

అప్పటి మా మాస్టర్ క్లారీ రోవెట్ గ్లాసు పైకెత్తి, అందరూ వింటుండగా, “ఇది పాస్టీ కాదమ్మా ఎల్వా, కుందేలు మేత!” అన్నాడు.

హాలంతా నవ్వింది. నేను కాస్త ఎక్కువే నవ్వాను. మెర్వ్ లేచి, భార్య కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేశాడు. “మా ఆవిడకి క్షమాపణ చెప్పిన రోజు వస్తాను” అని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

క్లారీ చెప్పలేదు. మెర్వ్ రాలేదు.

ఇక్కడే సెక్రటరీ అనేవాడి ప్రతిభ బయటపడేది! మూడు మీటింగులకి కబురు చెప్పకుండా రాకపోతే పేరు కొట్టేయాలని మా రూలు. కొట్టేస్తే ఎందుకు కొట్టేశామో పై ఆఫీసుకి రెండు పేజీల ఉత్తరం రాయాలి. లేదా మెర్వ్ ఇంటికి వెళ్లి బతిమాలాలి. వాళ్లిల్లు మరీ దూరం. నాలుగు వీధులు!

అందుకని ప్రతి నెలా మీటింగు వివరాలు రాసే మినిట్స్ పుస్తకంలో ‘రాలేకపోయినందుకు క్షమాపణలు తెలిపినవారు: బ్రదర్ ట్రజెన్’ అని ఒక్క లైను రాసి పడేసేవాణ్ణి. ఏడాదికి పదకొండు మీటింగులు. మొత్తం రెండొందల తొమ్మిది. క్షమాపణ కోసం అలిగి కూర్చున్న మనిషి చేత, ఆయనకి తెలియకుండానే, అన్నిసార్లు క్షమాపణ చెప్పించానండీ! సోదరభావం అంటే ఇది కాదూ?

కాలక్రమంలో మిగతా బ్రదర్లు ఒక్కొక్కరే శాశ్వతంగా రావడం మానేశారు. పోయిన చలికాలానికి ఆరుగురం మిగిలాం. పైకప్పు కారుతోంది. చీకటి పడితే ఎవరికీ కారు నడిపే చూపు లేదు గనక మీటింగు పగలు పదకొండుకి మార్చాం. ఇక మూసేద్దాం అనుకున్నాం. తీరా రూల్సు చూస్తే, మూయడానికి ఏడుగురు హాజరై ఏడుగురూ చెయ్యెత్తాలట!

ఏడో చెయ్యి ఎక్కడిది? పుస్తకం తిరగేస్తే నా చలవ వల్ల ఇంకా బతికున్న పేరు ఒకటి కనబడింది. వెంటనే ‘ప్రియ సోదరా’ అని ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, నాలుగు వీధుల అవతలికి పోస్టు చేశాను.

వస్తాడనుకోలేదు. వచ్చాడు.

తర్వాత తనే చెప్పాడు. ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాడట. మూసివేత గురించి అందులో నేను రాయలేదు లెండి, శుభమా అని పిలుస్తూ అలాంటివెందుకు? బీరువా అడుగు నుంచి ఏప్రన్ తీసి ఇస్త్రీ చేసుకున్నాడు. మడత పోలేదట. మళ్లీ చేసుకున్నాడు. లాడ్జి మెట్ల దగ్గర వెనక్కి తిరుగుదామా అనుకుంటూ చాలాసేపు నిలబడి, చివరికి తలుపు మూడుసార్లు తట్టాడు.

ఆ రోజు తలుపు దగ్గర కాపలా సాక్షాత్తూ క్లారీయే. ఎనభై మూడేళ్లు, చేతికర్ర.

“పాస్‌వర్డ్?” అన్నాడు క్లారీ.

“గుర్తులేదు.”

“నాకూ లేదు. చలిగా ఉంది, లోపలికి రా.”

మీటింగు మొదలైంది. నేను లేచి గొంతు సవరించుకుని చదివాను: “రాలేకపోయినందుకు క్షమాపణలు తెలిపినవారు: బ్రదర్ ట్రజెన్.”

ఎదురు కుర్చీలోంచి మెర్వ్ లేచాడు. “లిండ్సే, నేనిక్కడే ఉన్నాను కదరా!”

“అలవాటులే” అన్నాను.

“అలవాటేంటి? ఎన్నాళ్లుగా?”

చెప్పాను. గదిలో ఆరుగురమూ నేలకేసి చూస్తున్నాం. మెర్వ్ నా ముందున్న మినిట్స్ పుస్తకం కేసి చూశాడు. తర్వాత నెమ్మదిగా, “మూడేళ్ల కిందటి ఆగస్టు తియ్యి” అన్నాడు.

ఆగస్టు అనగానే నా చెయ్యి ఆగింది. ఎల్వా పోయిన నెల అది. ఊరికి ఊరంతా తెలుసు. మాకూ తెలుసు.

పేజీ తీశాను. పైకప్పు గురించి పన్నెండు లైన్లు. కొత్త టీ కెటిల్ గురించి ఐదు. ఎల్వా పేరు లేదు. కింద నా చక్కటి దస్తూరీతో, ‘క్షమాపణలు తెలిపినవారు: బ్రదర్ ట్రజెన్.’

పైకి చదవమన్నాడు. చదివాను.

“ఆ నెల మాత్రం నిజమేరా” అన్నాడు మెర్వ్. “నిజంగానే రాలేకపోయాను.”

క్లారీ కర్ర ఊతంగా లేచాడు. “మెర్వ్, ఆనాటి పాస్టీ సంగతి...”

“ఎల్వా మర్నాడే నవ్వేసింది. కోపమంతా నాది. పట్టుకుని కూర్చున్నాను, దింపుకునే చోటు దొరకలేదు. కూర్చో, పడతావు.”

ఇక ఓటు. ఆరు చేతులు లేచాయి. ఏడోది మెర్వ్ ఒళ్లోనే ఉంది.

“ఎత్తవయ్యా!” అన్నాడు ఇప్పటి మాస్టర్.

“దీన్ని మూసేస్తే ఇక నేను ఎక్కడికి రాకుండా ఉండాలి?” అన్నాడు మెర్వ్. ఏప్రన్ విప్పి, జాగ్రత్తగా మడిచి, మూటలా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

చూశారా? పంతొమ్మిదేళ్లు రాకుండా ఏ ఇబ్బందీ పెట్టని మనిషి, వచ్చిన ఒక్క పూటలో ఎంత పని చేశాడో!

మూతపడని లాడ్జిలో మరుసటి నెల మీటింగుకి మెర్వ్ రాలేదు. నేను పెన్ను తీసి ‘క్షమా’ దాకా రాశాను. తర్వాత ఏమైందో తెలీదు, పెన్ను మూత పెట్టి, టోపీ పెట్టుకుని బయల్దేరాను. నాలుగు వీధులు నడవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. దారిలో రెండు నిమిషాలు ఆగి మోకాలు నిమురుకున్నాను, అది కూడా కలిపి.

మెర్వ్ వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “ఏమైందిరా? ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. ఊరికే వచ్చాను.”

“ఊరికేనా! నీకు ఒంట్లో బాగుందా?”

కూర్చోబెట్టాడు. టీ ఇచ్చాడు. ఎల్వా చివరి పదకొండు వారాల గురించి రెండు గంటలు చెప్పాడు. ఏం తినగలిగేదో, ఏం తినలేకపోయేదో. లాడ్జి మీటింగు ఉండే గురువారం వచ్చిందంటే టేబుల్ మీద రెండు కప్పులు ఎక్కువ పెట్టమనేదట, మీటింగు అయ్యాక లాడ్జి వాళ్లెవరైనా అటొస్తారేమోనని. రాత్రి ఆ కప్పులు మెర్వే తీసి లోపల పెట్టేవాడట.

అందుకే చెబుతున్నాను, నా మాట వినండి. ఎవరింటికీ వెళ్లకండి! ఉత్తరాలు రాయండి, తీర్మానాలు చేయండి, పేరుకు ముందు ‘బ్రదర్’ తగిలించండి, అడ్డేమీ లేదు. కానీ ఇంటికి మాత్రం వెళ్లకండి. వెళితే వాళ్లు చెబుతారు. చెబితే వినాలి. విన్నాక, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో మనకి మనమే చెప్పుకోవాలి.

ఎనిమిది నిమిషాల దూరం అని చెప్పుకుని చూశాను. సరిపోవడం లేదండీ!