జనరేటరు ఆగకూడని పొద్దు

మధ్యాహ్నం పన్నెండు లోగా హియామ్ తన అనువాదాన్ని ప్రచురణకర్తకు పంపాలి. గడువు దాటితే పుస్తకం వేరేవాళ్లకు పోతుంది. రెండువందల పది పేజీల దిద్దుబాట్లు ఇంకా సేవ్ చేయకుండా తెరమీదే తెరిచి ఉన్నాయి. దంతవైద్యుడి దగ్గరికి బయల్దేరుతూ ఆమె భర్తతో ఒకే మాట అంది: "వజ్దీ, కంప్యూటర్ ముట్టుకోకు."

వజ్దీ ముట్టుకున్నాడు. ఇంట్లో కంప్యూటర్‌కి విండోస్ తీసేసి లినక్స్ పెట్టింది అతనే. నిద్రపుచ్చిన మరుక్షణం ఆ యంత్రం లేచి కూర్చుంటోందని నెల రోజులుగా మాటలు పడుతున్నదీ అతనే. ఆమె వచ్చేలోగా సంగతి తేల్చేద్దామనుకున్నాడు. కింద జనరేటరు అదురుకు బల్ల వణికి, మౌసు కదిలి, యంత్రం లేస్తోందని కనిపెట్టాడు. మౌసుకు లేపే అధికారం తీసేశాడు. అయినా లేచింది. కీబోర్డుకూ తీసేశాడు. లేచింది. చివరికి ఫోరంలో ఎవరో రాసిన ఆదేశం కొట్టి, జాబితాలో ఉన్న అన్నిటికీ ఒకేసారి తీసేశాడు, పవర్ బటన్‌తో సహా. యంత్రం పడుకుంది. మళ్లీ లేవలేదు.

కీలన్నీ నొక్కాడు. బటన్ నొక్కాడు. "ఏం చేస్తున్నావు నాయనా?" అని వంటింట్లోంచి అత్తగారు విదాద్ అడిగింది.

"ఏం లేదత్తయ్యా."

నిద్రపోయిన యంత్రానికి కరెంటు ఒక్క క్షణం పోయినా దిద్దుబాట్లన్నీ పోతాయి. భవనం అప్పుడు జనరేటరు మీద నడుస్తోంది. బీరూట్‌లో ఆ వాడకు పదింటికి ప్రభుత్వ కరెంటు వస్తుందని ఫోన్లో కబురు. అది రాగానే, కింద జనరేటరు నడిపే అబూ నిజార్ దాన్ని ఆపి స్విచ్చు మారుస్తాడు. వజ్దీ మెట్లు దిగి పరిగెత్తాడు.

"అన్నా, ఇవాళ కరెంటొచ్చినా జనరేటరు ఆపకు."

"డీజిలు మీ నాన్న పోస్తాడా?"

"ఒక్క క్షణం ఆగినా మా ఇంట్లో అంతా అయిపోతుందన్నా."

అబూ నిజార్ మొహం మారింది. ఆ వీధిలో అలా అడిగేవాళ్ల ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంటుంది. "పెద్దావిడకా?" అన్నాడు మెల్లగా.

వజ్దీ నేల చూశాడు. అవుననలేదు, కాదనలేదు.

"ముందే చెప్పొద్దటయ్యా! పో, పైకి పో. నేను చూసుకుంటా."

బాగానే చూసుకున్నాడు. జనరేటరు మీద భారం తగ్గించమని భవనం గ్రూపులో రాశాడు. పది నిమిషాల్లో ఎనిమిది అంతస్తుల్లోనూ నీళ్ల హీటర్లు, ఫ్రిజ్‌లు ఆగాయి. లిఫ్టు ఆపేశారు. పదింటికి ప్రభుత్వ కరెంటు వచ్చింది. మూడు రోజుల తర్వాత వచ్చిన కరెంటు, ఉండేది రెండు గంటలు. స్విచ్చు మార్చమని ఒక్కరూ అడగలేదు.

పదకొండున్నరకు మూడో అంతస్తు నజ్వా కందిపప్పు సూపు పట్టుకుని తలుపు తట్టింది. ఆమె వెనక మెట్లనిండా జనం. తలుపు తీసింది విదాదే, చేతిలో హుక్కా.

"పిన్నీ! నువ్వు లేచి తిరుగుతున్నావేంటి?"

"నా ఇంట్లో నేను తిరక్కూడదా?"

జనాన్ని తోసుకుని అబూ నిజార్ లోపలికొచ్చాడు. "వజ్దీ, ఆక్సిజన్ ఎవరికి?"

వజ్దీ బల్లకింది పెట్టె చూపించాడు. "అందులో హియామ్ పుస్తకం ఉందన్నా."

"పొద్దుట్నుంచి నా డీజిలు తాగింది ఇదా?"

"నేను చన్నీళ్లు పోసుకున్నాను దీనికోసం!" అంది నజ్వా.

విదాద్ అల్లుడి వైపు తిరిగింది. "అయితే నన్ను చంపేశావా నాయనా?"

"లేదత్తయ్యా. వాళ్లు చంపితే కాదనలేదంతే."

అబూ నిజార్ కిందికి దిగి స్విచ్చు మార్చేశాడు. దీపాలు ఆరాయి. సరిగ్గా అప్పుడే హియామ్ గుమ్మంలోకి వచ్చింది. మత్తుమందుకు సగం నోరు మొద్దుబారి ఉంది. మిగిలిన సగంతో అడిగింది: "ఏం చేశావు?"

దీపాలు వెలిగాయి. వజ్దీ బటన్ నొక్కాడు. ఈసారి యంత్రం లేచింది. రెండువందల పది పేజీలూ, ఆఖరి కామాతో సహా, తెరమీదికి వచ్చాయి. పడుకునే ముందు జ్ఞాపకమంతా డిస్కుమీద రాసిపెట్టుకోమని పోయిన వారం వజ్దీయే దానికి ఆదేశమిచ్చి, పనిచేయలేదనుకుని మరిచిపోయాడు. పూర్తిగా ఆరిపోతే తప్ప బటన్ మళ్లీ పనిచేయదు. కాబట్టి దాన్ని లేపే దారి ఒక్కటే మిగిలింది, కరెంటు తీసెయ్యడం. భవనమంతా కలిసి గంటన్నర సేపు ఆపింది దాన్నే.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా హియామ్ ఫైలు పంపింది. జవాబు సాయంత్రం వచ్చింది: పొద్దుట్నుంచి తమ ఆఫీసులో కరెంటు లేదు కాబట్టి గడువు వారం పెంచామని.