ఇంజను వేడెక్కిన ఇల్లు చల్లగా ఉంటుంది

కారు ఇంజను వేడెక్కడం కష్టమని ఎవరన్నారు? అది గృహస్థుకి దేవుడిచ్చిన వరం! మీ ఇంట్లో కారుండి, అది ఇంతవరకూ ఒక్కసారైనా వేడెక్కలేదంటే మీ పుణ్యం ఎక్కడో తక్కువైందనే నా అనుమానం.

నేను చదివింది పదో తరగతి. చేసేది మగవాళ్ళ బట్టలు కుట్టే పని. నా మాటకి ఎక్కడా పెద్ద విలువ లేదు. దుకాణంలో నడుం కొలిచి చెబితే, "టేపు సాగిపోయింది మాస్టారూ" అంటాడు కస్టమరు. అలాంటి నేను ఒక శనివారం ఉదయం ఇంటి ముందు కారు బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, లోపలికి చూసి "ఊఁ" అన్నాను.

అంతే! నిలువునా ఇంజనీరునైపోయాను. దారినపోయేవాళ్ళు ఆగారు. పిల్లలు సైకిళ్ళు ఆపారు. పై వాటాలో ఉండే పళ్ళ డాక్టరు, ఆరేళ్ళుగా నాకు నమస్కారమైనా పెట్టని మనిషి, మెట్లు దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు. బానెట్ ఎత్తి "ఊఁ" అనడానికి ఏ కాలేజీ సర్టిఫికెట్ కావాలి చెప్పండి?

విషయం ఏమిటంటే, మా డాష్‌బోర్డు మీద ఒక చిన్న ముల్లు ఉంది. ఇంజను వేడి ఎంతో అది చెబుతుంది. మధ్యలో ఉంటే క్షేమం, ఎర్రగీత వైపు పాకితే ప్రమాదం. ఆ వారం అది పాకడం మొదలుపెట్టింది. రోజూ దీపం పెట్టి దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి నేను. కానీ నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళ పూజలో కుదరని ఏకాగ్రత ఆ ముల్లు చూస్తుంటే కుదిరింది. మనసు ఇటూ అటూ పోతే ఒట్టు!

మెకానిక్‌ని పిలవమంది మా ఆవిడ. నవ్వొచ్చింది నాకు. ఇంట్లోనే రోగం కనిపెట్టగలిగినప్పుడు మెకానిక్ ఎందుకు?

నాకు గురువులకేం కరువు? ఫోన్ నిండా వీడియోలే. మొదటి గురువు రేడియేటర్ అన్నాడు. రెండో గురువు వాటర్ పంప్ అన్నాడు. మూడో ఆయన బెల్టు అన్నాడు. నాలుగో ఆయన, "హెడ్ గాస్కెట్ పోయుంటుంది, ఇంజను మొత్తం విప్పాల్సిందే" అని తేల్చి, ఆ వెంటనే లైక్ కొట్టమన్నాడు. చావుకబురు చెప్పి లైక్ కొట్టమనే ధైర్యం ఇంకే వృత్తిలోనైనా ఉందా? వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని నలుగురూ మరీ మరీ చెప్పారు. నేను ఐదో వీడియో చూస్తూ తీశాను. అదృష్టం, ఒళ్ళు కాలలేదు. చొక్కా మాత్రం తుప్పు రంగు ప్రింటు చొక్కా అయింది.

పళ్ళ డాక్టరు చాలాసేపు లోపలికి తొంగి చూసి, థర్మోస్టాట్ మీద అనుమానపడ్డాడు.

"ఏం చేద్దామంటారు?" అన్నాను.

"పీకేద్దాం" అన్నాడు.

ఆయన చేతికి పని అందకుండా నేను బానెట్ దించేశాను.

ఇక ఈ వరం వల్ల ఇంటికి కలిగిన లాభాలు వినండి. బజారుకి దింపమని ఎవరూ అడగరు. ఏ ఫంక్షన్‌కీ వెళ్ళక్కర్లేదు. "కారు వేడెక్కుతోందండీ" అంటే చాలు, అవతలివాళ్ళే "అయ్యో, జాగ్రత్త" అని ఫోన్ పెట్టేస్తారు. ఎవరూ ఎక్కడికీ కదలరు. ఇల్లు ఎంత చల్లగా ఉంటుందో!

ఒక్క మా వదినకే ఈ వరం విలువ తెలియలేదు.

వదిన అంటే మా ఆవిడ అక్క. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఊరికి ఆ చివరనున్న ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేయించాలి. మానేస్తే కాలు బిగుసుకుపోతుందని, తర్వాత వాకర్ వదలడం కష్టమని డాక్టరు చెప్పాడు. బస్సు మెట్లెక్కలేదు, ఆటో కుదుపు తట్టుకోలేదు. తీసుకెళ్ళాల్సింది నేను.

మంగళవారం తీసుకెళ్ళాను కూడా. ఇంజను వేడెక్కితే కారులో హీటర్ పూర్తిగా తిప్పాలని, అప్పుడు వేడి లోపలికి వచ్చేసి ఇంజను చల్లబడుతుందని ఆరో వీడియో చెప్పింది. ఎర్రటి ఎండ. అద్దాలు దించాను, హీటర్ తిప్పాను.

వెనక సీట్లోంచి వదిన అంది: "ఏమయ్యా మరిదీ, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తున్నావా, ఇస్త్రీ చేయిస్తున్నావా?"

"ఇంజను కోసం వదినా, కాస్త ఓర్చుకోండి."

"నేను ఓర్చుకుంటాను. నా కొత్త తుంటిలో స్టీలు ఉంది, అది కరిగితే నీదే పూచీ."

సగం దూరంలో ముల్లు ఎర్రగీతని ముద్దు పెట్టుకుంది. వెనక్కి తిరిగొచ్చాం. ఆ సెషన్ పోయింది. శుక్రవారంది పోయింది. మరుసటి మంగళవారంది కూడా పోయింది. "పేషంట్ రావడం లేదేమండీ?" అని ఆస్పత్రి నుంచి అడిగితే, "మా ఇంట్లో ఇంకో పేషంట్ ఉంది" అని హాస్యమాడాను. అవతల ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కని తనే తీసుకెళ్ళాలని మా ఆవిడ నాకు చెప్పకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేర్చుకుంది కూడా. ఆ వచ్చే శుక్రవారమే లైసెన్స్ టెస్టు. శనివారంతో లెర్నర్ లైసెన్స్ గడువు అయిపోతుంది. స్కూలు కారు వచ్చే నెల దాకా ఖాళీ లేదు. టెస్టుకి మా కారే దిక్కు.

ఆవిడ ఈ మాట చెప్పినప్పుడు నేనేమన్నాను? "చాలా మంచిది" అన్నాను. పైకి అలాగే అన్నాను.

బుధవారం ఉదయం ఇద్దరం దేవుడి అలమర ముందు నిలబడ్డాం. మా ఆవిడ పైకే అంది: "స్వామీ, శుక్రవారం లోపల కారు బాగవ్వాలి."

నేను కూడా పైకే అన్నాను: "స్వామీ, కారు బాగవ్వాలి."

మా ఆవిడ ఒక కన్ను తెరిచింది. "తేదీ చెప్పలేదేం?"

"ఆయనకి తెలియదా?"

"ఆయన సంగతి సరే. మీకు గుర్తుందా అని."

గుర్తు లేకేం! కానీ దేవుణ్ణి తొందరపెట్టడం భక్తుడి లక్షణమా? ఒకే దీపం ముందు ఒకే ఇంటి నుంచి రెండు దరఖాస్తులు చేరాయి. ఒకదానికి తేదీ ఉంది, ఒకదానికి లేదు. ఆయన ఏది ముందు చూస్తాడు? అప్పటినుంచి నాకిదే సందేహం. పెద్దవాళ్ళని అడగడానికి మాత్రం సిగ్గేసింది.

గురువారం నేను దుకాణానికి వెళ్ళబోతుంటే మెకానిక్ వచ్చాడు. పిలిచింది మా ఆవిడ. బానెట్ ఎత్తాడు, "ఊఁ" అనలేదు. అక్కడే తెలిసింది నాకు, వీడికి పని వచ్చని. ఇంజను స్టార్ట్ చేసి, చేతులు కట్టుకుని పది నిమిషాలు ఊరికే నిలబడ్డాడు. ముల్లు పైకి పోయింది. రేడియేటర్ వెనక ఫ్యాను మాత్రం కదల్లేదు.

ఇంజను ఆపేసి, ఫ్యూజుల డబ్బా మూత తీశాడు.

"మాస్టారూ, ఈ డబ్బా ఎవరైనా తెరిచారా?"

"లేదే" అన్నాను.

"ఫ్యాను ఫ్యూజు పక్కనున్న ఖాళీ గదిలో ఉంది. దానంతటది నడిచి వెళ్ళదు కదా."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏడో వీడియో చూసి, మొదటి ఆదివారమే నేను ఆ ఫ్యూజు పీకాను. వెలుతురుకి ఎత్తి పట్టి చూశాను, బాగానే ఉంది. మళ్ళీ పెట్టాను. ఎక్కడ పెట్టానో ఇప్పుడు తెలిసింది. అంతకు ముందు ముల్లు పాకేది, ఆ తర్వాతే దూకడం మొదలుపెట్టింది.

మెకానిక్ కిందికి వంగి, ఒక రబ్బరు గొట్టం దగ్గర వేలు పెట్టి తడి చూపించాడు. "మొదటి జబ్బు ఇది. క్లిప్పు వదులైంది, నీళ్ళు కారిపోతున్నాయి. తిప్పితే సరిపోయేది. మీరు గోరుచుట్టు మీద రోకలిపోటు వేశారు."

"వీడియోలో..." అన్నాను.

"మాస్టారూ, ప్యాంటు కుట్టించుకోవాలంటే నేను ఇంట్లో కత్తిరించుకుని మీ దగ్గరికి వస్తానా?"

అరగంటలో అయిపోయింది. క్లిప్పు బిగించాడు, ఫ్యూజు దాని గదిలో పెట్టాడు, కూలెంట్ నింపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆ శబ్దానికి మా ఆవిడ ముఖం ఎంత వెలిగిందో చూశాక, నా మీద నాకే ఒక అనుమానం పుట్టింది. ఆ ఫ్యూజు పక్క గదిలో పెట్టింది నా చెయ్యా, నా మనసా?

తెలిసి చేయలేదు. ఒట్టు! కానీ తెలియకుండానే చేశానని దేవుడి ముందు గట్టిగా అనలేకపోతున్నాను. పన్నెండేళ్ళుగా ఆ కారు తాళం నా జేబులోనే ఉంది. "ఏవండీ, కాస్త దింపుతారా?" అని ఎవరైనా అడిగితే, "చూద్దాం" అనేవాణ్ణి. దింపకపోవడానికి కాదు, "చూద్దాం" అనడానికి! దుకాణంలో కస్టమరు టేపుని కూడా నమ్మని మనిషికి, రోజుకి ఒక్కసారి "చూద్దాం" అనగలగడం ఎంత బలమో మీకేం తెలుసు?

మెకానిక్ వెళ్ళాక మా ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మూడు సెషన్లు పోయాయి అక్కకి" అంది, అంతే.

శుక్రవారం టెస్టు పాసైంది. రివర్సులో ఒక్క కోను కూడా తగల్లేదట. నేను చూడలేదు, గేటు బయట నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఏం కోరుకున్నానో అడక్కండి. ఈసారి తేదీ కూడా చెప్పాను.

మంగళవారం వదినని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వాకర్ డిక్కీలో, వదిన వెనక సీట్లో. మొన్నటిదాకా కాస్త వంగే మోకాలు ఇప్పుడు వంగడం లేదు, కాలు చాచి అడ్డంగా కూర్చుంది. నేను అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ మనిషి ఉంది. చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చున్నాను.

పన్నెండేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోగానే ముల్లు కోసం చూశాను. కనబడలేదు. మెడ చాచాను. స్టీరింగ్ అడ్డం, మా ఆవిడ చెయ్యి అడ్డం.

"ముల్లు ఎక్కడుంది?"

"మధ్యలో."

మలుపు తిరిగాం. "ఇప్పుడు?"

"మధ్యలోనే అండీ."

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నా చెయ్యి తలుపు హ్యాండిల్‌ని పట్టుకుంది.

"అది వదిలెయ్ మరిదీ" అంది వదిన వెనకనుంచి. "ఊడొచ్చిందంటే మళ్ళీ నువ్వే బాగుచేస్తానంటావు."

మా ఆవిడ నవ్వింది, కళ్ళు మాత్రం రోడ్డు మీదినుంచి తిప్పలేదు.

అయ్యా, అమ్మా, ఇన్నేళ్ళూ నాకు తెలియని చిన్న విషయం ఒకటుంది. ఆ సీట్లోంచి ముల్లు కనబడదు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట నమ్మి కూర్చోవాలి. మా ఆవిడ పన్నెండేళ్ళు అక్కడ కూర్చుంది. "బండి బాగానే ఉందా అండీ?" అని అడిగినప్పుడల్లా, "నీకెందుకు, నేను చూసుకుంటున్నాగా" అన్నాను.

ఆస్పత్రి వచ్చేలోపల నేను పదకొండుసార్లు అడిగాను. పదకొండుసార్లూ ఆమె చూసి చెప్పింది.