వినడానికి వెళ్లిన మైకమ్మ

ఆ రోజు ఉదయం మైకమ్మ ఒకే ఒక్క నిర్ణయం చేసుకుని ఇంట్లోంచి బయలుదేరింది. యూనివర్సిటీలో అడుగు పెట్టింది మొదలు మళ్లీ గేటు దాటేదాకా నోరు విప్పకూడదు.

ఉద్యోగం చేసినంత కాలం ఆవిడ రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎక్కడికి వస్తుందో, ఏది ఆలస్యమో చెప్పింది. పోర్టర్లు పెట్టిన మైకమ్మ అనే పేరే చివరికి ఇంట్లోవాళ్లకూ అలవాటైంది. ఆ గొంతు వినబడితే చాలు, మనుషులు చేస్తున్న పని ఆపేసి, సామాను దగ్గరికి లాక్కుని, తలెత్తి చూసేవాళ్లు. రిటైరయ్యాక, ఆ మరుసటి ఏడు భర్త కూడా పోయాక, ఆ గొంతుకు ఇంట్లో పని లేకుండా పోయింది. ఇన్నాళ్లూ చెప్పడమే అయింది కదా, ఇక ఎవరైనా చెబితే విందామని తత్త్వశాస్త్రం క్లాసులో నాన్-డిగ్రీ విద్యార్థిగా చేరింది.

"పరీక్షల్లేవు, పట్టా లేదు. మరెందుకే ఈ చదువు?" అంది అక్క.

"వినడానికక్కా."

"వినడానికైతే నేను లేనూ? పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్నాగా!"

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా కూడా ముందే హెచ్చరించాడు. "చూడండమ్మా, మీరు వెనక కూర్చోండి, వినండి, వెళ్లండి. మీవల్ల క్లాసుకు ఇబ్బందని ఒక్క మాట వచ్చినా పేరు కొట్టేస్తారు."

అందుకే ఆవిడ ఆఖరి బెంచీలో, గోడకు ఆనుకుని, పెదాలు బిగించుకుని కూర్చుంది. లెక్చరర్ ఇంకా రాలేదు. గది సంతలా ఉంది. ఒకడు ఫోన్లో పాట పెట్టాడు, ఇద్దరు బెంచీలెక్కి సుద్దముక్కలు విసురుకుంటున్నారు. పక్కనున్న అమ్మాయి ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను అదిమిపెట్టి, "అమ్మమ్మా, వినబడట్లేదు! డాక్టరేమన్నాడు? ఏమన్నాడూ?" అని అరుస్తోంది. గొంతులో ఏడుపు తొంగిచూస్తోంది.

మైకమ్మ కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఆవిడ ప్రమేయం లేకుండానే గొంతు లేచింది.

"దయచేసి అందరూ తమ తమ స్థానాల్లో నిశ్శబ్దంగా కూర్చోవలసిందిగా కోరుతున్నాం."

పాట ఆగింది. బెంచీలెక్కినవాళ్లు దిగారు. సంచులు ఒళ్లోకి చేరాయి. ఆ నిశ్శబ్దంలో, "బాగానే ఉందన్నాడా? హమ్మయ్య!" అన్న పక్కమ్మాయి మాట గదంతా వినబడింది.

అందరూ వెనక్కి తిరిగారు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చీర, కళ్లజోడు. "మేడం ఇందాకట్నుంచీ వెనక కూర్చుని మనల్ని కనిపెడుతున్నార్రా," అని గుసగుసలు మొదలయ్యాయి. ఒక గడ్డం కుర్రాడు సుద్దముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేను టీచర్ని కాదు బాబూ," అంది మైకమ్మ కంగారుగా.

గడ్డం కుర్రాడు ఆ మాట రాసుకున్నాడు. "మరి మేం మేడం?"

"మీరు స్టూడెంట్లే. నేనూ స్టూడెంటునే."

దాని కింద గీత కూడా గీశాడు.

"అయ్యో, రాయకండర్రా! నాకేమీ తెలియదు!"

క్లాసంతా వంగి రాసుకుంది. తత్త్వశాస్త్రం ఇలాగే మొదలవుతుందని వాళ్లు ఎక్కడో విని ఉన్నారు.

సరిగ్గా అప్పుడే అసలు లెక్చరర్ ఆయాసపడుతూ తలుపు దాకా వచ్చాడు. అతనికి అది మొదటి ఉద్యోగం, మొదటి రోజు. తలుపు సందులోంచి చూస్తే పెద్దావిడ చెబుతోంది, అందరూ రాసుకుంటున్నారు. అతని మొహం పాలిపోయింది. నేరుగా విభాగాధిపతి గదికి పరుగెత్తాడు.

"సార్, నన్ను తీసేశారా? లోపల వేరే మేడం చెబుతున్నారు."

"తీసెయ్యడమేమిటి? చరిత్ర విభాగంవాళ్లు మళ్లీ మన గది కాజేశారన్నమాట!" అంటూ ఆయన వాచ్‌మన్‌ని వెంటేసుకుని బయలుదేరాడు.

ఇక్కడ క్లాసులో పక్కమ్మాయి మెల్లగా అడిగింది. "ఏమీ తెలియదంటున్నారు కదా, మరెందుకొచ్చారు మేడం?"

మైకమ్మకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మా ఆయనకు చివర్లో మాట పడిపోయిందమ్మా. అయినా ఆయన చెప్పేది నాకు తెలిసిపోయేది. కనుబొమ్మ ఎత్తితే కిటికీ వెయ్యమని. ఇప్పుడు మనిషి లేడు. సాయంత్రం ఆ గదిలోకెళ్తే మాత్రం కిటికీ వెయ్యమన్నట్టే ఉంటుంది. వేసి వస్తున్నాను. మరి నేను వింటున్నది ఎవర్ని? అది తెలుసుకుందామని వచ్చాను."

ఈసారి ఎవరూ రాసుకోలేదు.

తలుపు తెరుచుకుంది. విభాగాధిపతి, వాచ్‌మన్, వాళ్ల వెనక బిక్కచచ్చిన లెక్చరర్.

"మేడం, మీది ఏ డిపార్ట్‌మెంట్?"

"నాదా? రైల్వేనండి."

"రైల్వేవాళ్లకు మా గది ఎవరిచ్చారు!"

విషయం తేలేసరికి కాస్త సమయం పట్టింది. తేలాక విభాగాధిపతి మొహం ఇంకా గంభీరమైంది. "నాన్-డిగ్రీ మనిషి పాఠం చెప్పడమా? క్లాసుకు ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది! పేరు కొట్టేయాల్సిందే."

మైకమ్మ సంచీ తీసుకుని లేచింది. పక్కమ్మాయి ఆ సంచీ పట్టుకుని ఆపింది. "ఇబ్బంది పెట్టింది మేం సార్. ఆవిడ ఆపారు."

కుర్ర లెక్చరర్ ముందుకొచ్చాడు. "సార్, ఇందాక తలుపు తెరవబోతుంటే ఆవిడ ప్రశ్న నేనూ విన్నాను. ఈ టర్మంతా నేను చెప్పాల్సింది దాని గురించే. ఎలా మొదలుపెట్టాలో తోచక సతమతమవుతున్నాను. ఆవిణ్ణి ఉండనివ్వండి."

విభాగాధిపతి వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ అప్పటికే ఖాళీ బెంచీ చూసుకుని కూర్చున్నాడు. "సరే, కానివ్వండి," అని ఆయన ఒక్కడే వెళ్లిపోయాడు.

లెక్చరర్ బోర్డు మీద 'నేను వింటున్నది ఎవర్ని?' అని రాశాడు. మైకమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా వింది. సగం అర్థం కాలేదు. అయినా చాలాకాలానికి ఆవిడకు మనసు నిండుగా అనిపించింది.

చివర్లో అతను హాజరు వేశాడు. అందరి పేర్లూ అయిపోయినా ఆవిడ పేరు రాలేదు. నాన్-డిగ్రీ వాళ్లకు హాజరు ఉండదని అతను నొచ్చుకుంటూ చెప్పాడు.

రిజిస్టరు ప్రకారం ఆ రోజు క్లాసు వేళకే మొదలైంది, మైకమ్మ అసలు రానేలేదు.