కొత్త పురుగు మంగతాయారే

ఆ శనివారం జేమ్స్ మాస్టారి పథకం చాలా చిన్నది. ఏడింటికి ఏలూరులో బండి తియ్యాలి, ఎనిమిదిన్నరకి గణపవరం అవతల మంగతాయారు గారి చేపల చెరువు చేరాలి, నువ్వుగింజంత ఆడపురుగుని ఒకదాన్ని పట్టుకోవాలి, భోజనం వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. ఇందులో ఎవరికైనా కోపం రావలసిన పనేముందో మీరే చెప్పండి. అయినా వచ్చింది. ముందు ఆయన భార్యకి, తర్వాత వరసపెట్టి అందరికీ.

జేమ్స్ ఏలూరులో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరరు. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఆయన సంపాదించుకున్న బిరుదు 'పురుగుల మాస్టారు' ఒక్కటే. స్టాఫ్ రూములో బొద్దింక కనిపించినా, హాస్టలు పప్పులో పురుగు తేలినా ఆయనకే కబురు. "మీ చుట్టాలొచ్చారండీ" అని పైన వేళాకోళం ఒకటి. ఆయనకి ఒళ్ళు మండిపోయేది. మండదా మరి?

రెండేళ్ళ కిందట మంగతాయారు గారి చెరువులో, తుంగ మొదట్లో, నీళ్ళ మీద పరుగెత్తే పురుగొకటి ఆయనకి చిక్కింది. రెక్కల్లేవు. కాళ్ళ మీద వెండిరంగు నూగు. పుస్తకాలన్నీ తిరగేశాడు, దేశదేశాల మ్యూజియంలకి ఫోటోలు పంపాడు. ఇంతవరకు దాన్ని ఎవరూ వర్ణించలేదని, పేరు పెట్టలేదని తేలింది. సైన్సు పత్రికకి వ్యాసం పంపితే వాళ్ళు ఒకటే అడిగారు. దొరికింది మగది, మరి ఆడదాని వర్ణన ఏదీ? ఆడది దొరికేదాకా అచ్చు వెయ్యం.

చుట్టుపక్కల చెరువులన్నిటికీ తుంగ పీకేశారు, మందులు కొట్టేశారు. మంగతాయారు గారిది ఒక్కటే మిగిలింది, అదీ ఎవరేం చెప్పినా వినని ఆవిడ మొండితనం వల్ల. చివరికి తమ్ముడు బుచ్చిబాబు పోరు పడలేక ఆవిడా ఒప్పుకుంది. చేప పట్టేశారు. ఇంజను పెట్టి నీళ్ళు తోడుతున్నారు. అడుగున మిగిలిన నీళ్ళలో శనివారం మధ్యాహ్నం బ్లీచింగు చల్లుతారు. ఆలోగా ఆడపురుగు దొరక్కపోతే రెండేళ్ళ పనీ కొల్లేట్లో కలిసినట్టే.

ఆ పొద్దున్న భార్య శాలిని టిఫిను డబ్బా మూత బిగిస్తూ అడిగింది. "ఏవండీ, ఇంతకీ దానికేం పేరు పెడుతున్నారు?"

"మంగతాయారు గారి పేరు. చెరువు ఆవిడది కదా."

మూత బిగియడం ఆగిపోయింది. "పన్నెండేళ్ళ నుంచీ ఫ్రిజ్జులో పెరుగు పక్కన పురుగుల సీసాలు పెట్టుకుని కాపరం చేస్తున్నది నేను. పేరు మాత్రం గణపవరం ఆవిడదా?"

"ఆవిడకి అరవై దాటాయే!"

"నేను వయసడిగానాండీ?"

"పోనీ, నీ పేరు పెట్టనా? సంతోషమేనా?"

"పురుక్కి నా పేరా! నేను మీ కంటికి పురుగులా కనబడుతున్నానా?"

పెట్టకపోతే ఒక తప్పు, పెడితే ఇంకో తప్పు. జేమ్స్ డబ్బా అక్కడే వదిలేసి విసురుగా బయటికి నడిచాడు. ఆ విసురులో అరుగు మీద పడి ఉన్న పేపరు చూసుకోలేదు. చూసుకుని ఉంటే గుమ్మం దాటేవాడు కాదు.

ముందురోజు సాయంత్రం ఫణికిరణ్ ఫోను చేశాడు. ఆయన దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక పేపరు విలేకరి. జేమ్స్ పొంగిపోయి అరగంట పాఠం చెప్పాడు. పురుగుకీ మనలాగే ఇంటిపేరూ పేరూ ఉంటాయి. పేరు లాటిన్ పద్ధతిలో పెట్టాలి. ఆడవాళ్ళ పేరైతే చివర 'ఏ' తగిలించాలి, అప్పుడు 'ఫలానా ఆవిడ గారి పురుగు' అని అర్థం వస్తుంది. "చివర 'ఏ' మర్చిపోకు, అదే ముఖ్యం" అని రెండుసార్లు హెచ్చరించాడు కూడా. డిగ్రీ మూడేళ్ళలో ఫణికిరణ్‌కి ఒక్క పాఠమూ గుర్తున్న పాపాన పోలేదు. ఖర్మకొద్దీ ఇదొక్కటీ గుర్తుపెట్టుకున్నాడు.

చెరువు గట్టు మీద మంగతాయారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పేపరు. వెనక ఇంజను దడదడలాడుతోంది.

"దయచెయ్యండి మాస్టారూ," అంది చిరునవ్వుతో. అక్కడే అనుమానించాల్సింది. మా వైపు కోపం ముదిరేకొద్దీ 'అండీ'లు పెరుగుతాయి. "పురుగుని చూడ్డానికొచ్చారాండీ? చూడండి. ఇదిగోనండి, కుర్చీలో కూచుని ఉందండి."

పేపరు ఆయన చేతిలో పెట్టింది. జిల్లా పేజీలో, అన్నిటికంటే పైన, మూడు కాలమ్‌ల మేర: 'కొల్లేటి చెరువుల్లో కొత్త పురుగు మంగతాయారే! : జేమ్స్ మాస్టారు'. కింద ఏదో పెళ్ళిలో తీసిన ఆవిడ ఫోటో, ఎక్కడ సంపాదించాడో. పురుగు ఫోటోకి చోటు చాలలేదు.

"ఆరింటి నుంచీ ఫోన్లేనండి. మీ చేపల్లో పురుగుందంట కదాని ఆకివీడు నుంచి చేశారండి. మా వియ్యపురాలు చేసిందండి, ఎప్పట్నుంచి వదినా అని."

జేమ్స్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. "అమ్మా, పురుగు మీరని కాదండి. చివర 'ఏ' ఉంది చూశారూ, అది తెలుగు 'ఏ' కాదండి. లాటిన్ 'ఏ'."

"తెలుగు పేపర్లోకి లాటిన్ 'ఏ' ఎందుకొచ్చిందండీ?"

"అంటే, మంగతాయారు గారి యొక్క పురుగు అని అర్థమండి."

"నా యొక్క పురుగా! నా ఒంట్లో ఉందనాండీ?"

"ఇది గౌరవమండీ! ప్రపంచం ఉన్నంతకాలం నిలిచిపోయే పేరు!"

"ప్రపంచం ఉన్నంతకాలం నేను పురుగునై పడి ఉండాలాండీ?" ఆవిడ కుర్చీ తన్నేసి లేచింది. "ఒరే బుచ్చీ! మధ్యాహ్నం దాకా ఎందుకురా, ఆ బ్లీచింగు ఇప్పుడే కొట్టెయ్! పురుగూ ఉండకూడదు, పేరూ ఉండకూడదు!"

ఈ మాట కోసం బుచ్చిబాబు మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఇద్దరు కూలీల చేత బస్తాలు మోయించుకుని అవతలి గట్టుకి పరుగు తీశాడు.

జేమ్స్ ఫణికిరణ్‌కి ఫోను కలిపాడు. "ఏం రాశావురా?"

"చివర 'ఏ' ఉండాలన్నారు కదండీ సార్. పెట్టేనండి!"

"ముందు సవరణ వెయ్యి!"

"తప్పకుండానండి. 'మంగతాయారు పురుగు కాదు' అని బాక్సు కట్టి వేస్తానండి."

జేమ్స్ ఫోను నీళ్ళలోకి విసిరేసేవాడే, అంతలో అది మోగింది. శాలిని. కంగారులో స్పీకరు నొక్కుకుపోయింది. "ఏవండీ, పేపరు చూశాను. అంత పెద్దావిణ్ణి పట్టుకుని పురుగంటారా? ఆడవాళ్ళంటే మీకంత లోకువా?"

పొద్దున్నించీ అందరి కోపమూ పడ్డ మనిషి. ఆయన ఓర్పు అక్కడితో సరి. "తీసేస్తున్నానే తల్లీ! ఆవిడ పేరు తీసేసి నీ పేరే పెడతాను! శాలినియే! పురుగు శాలినియే! చాలా?"

అవతల ఫోను ఠక్కున పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఇవతల మంగతాయారు మొహం రంగు మారింది. "ఎవరి పేరండీ అదీ?"

"మా ఆవిడదండి."

"ఆవిడకి చెరువులెన్నండీ?"

"లేవండి."

"నా నీళ్ళలో పుట్టి, నా తుంగలో పెరిగిన పురుక్కి ఏలూరులో ఫ్యాను కింద కూచున్నావిడ పేరాండీ? ఎలా పెడతారో నేనూ చూస్తానండి! పేరు నాదేనండి! ఆ 'ఏ' కూడా నాదేనండి!" అని అవతలి గట్టుకేసి తిరిగి అరిచింది. "ఒరే బుచ్చీ! ఆపరా! ఆపు!"

ఇంజను చప్పుడులో బుచ్చిబాబుకి అక్క నోరు కదలడం మాత్రమే కనిపించింది. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి ఊపింది. అక్కకి కోపం ఇంకా తగ్గలేదనుకున్నాడు. మిగిలిన మూడు బస్తాలూ ఒక్కసారే కుమ్మరించేశాడు.

మంగతాయారు బురదలో పడుతూ లేస్తూ వెళ్ళి ఇంజను తనే ఆపింది. చెరువంతా నిశ్శబ్దమైపోయింది. అడుగున మిగిలిన నీళ్ళు అప్పటికే తెల్లబడ్డాయి. జేమ్స్ ప్యాంటైనా మడవకుండా దిగిపోయాడు.

తుంగ మొదట్లోంచి అవి బయటికొచ్చాయి. వెండికాళ్ళ పురుగులు, రెండేళ్ళలో ఆయన చూసినవాటికంటే ఎక్కువ, తెల్లనీళ్ళ మీద అటూ ఇటూ పరుగెత్తాయి. రెక్కలుంటే ఎగిరిపోయేవి. కాసేపటికి ఒక్కొక్కటే ఆగిపోయాయి. జేమ్స్ వాటిని దోసిట్లోకి తీసుకుని సీసాలో వేశాడు. పదకొండు. అందులో ఏడు ఆడవి. ఒక్కదాని కోసం వచ్చాడు మనిషి. ఆయనకి ఎవర్ని తిట్టాలో తెలియలేదు. ఫణికిరణ్‌నా, బుచ్చిబాబునా, లాటిన్‌నా, తన నోటినా? అందర్నీ తిట్టాడు, బైబిలు చదివే నోటితోనే, మోకాళ్ళ లోతు బురదలో నిలబడి.

మంగతాయారు కళ్ళజోడు తుడుచుకుని సీసా దగ్గరగా పెట్టుకు చూసింది. "ఇదేనా నా పురుగు?"

"ఇదేనండి."

"కాళ్ళు బాగున్నాయి." ఆ మాటలో ఒక్క 'అండీ' కూడా లేదు. "మిగతా చెరువుల్లో ఉంటాయి కదా మాస్టారూ?"

జేమ్స్ సీసా మూత బిగించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో శాలిని సీసా చూసింది, మొగుడి మొహం చూసింది. పోట్లాట రేపటికి వాయిదా వేసి, పురుగుల పక్కన పెట్టే వివరాల చీటీలు, పదకొండూ, తన గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. చెరువు యజమాని అన్నచోట మంగతాయారు గారి పేరు పొల్లుపోకుండా రాసింది.

ఆరు నెలలపాటు జేమ్స్ సెలవు దొరికినప్పుడల్లా గణపవరం నుంచి ఆకివీడు దాకా కనబడ్డ ప్రతి చెరువు గట్టూ వెతికాడు. రెండుసార్లు మంగతాయారు కూడా బయల్దేరింది, బస్తాలు కుమ్మరించిన పాపానికి ఆవిడ వెంట బుచ్చిబాబూ. తుంగ లేదు, పురుగూ లేదు. వ్యాసం అచ్చయింది. పేరు మంగతాయారు గారిదే, చివర లాటిన్ 'ఏ'తో సహా. ఆ చెరువులో తప్ప ఇంకెక్కడా దొరకలేదని, ఆ చెరువులోనూ ఇప్పుడు లేదని చివర రెండు వాక్యాలు.

ఫణికిరణ్ మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి జేమ్స్ నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. అంతా వాట్సాప్‌లో రాసి పంపాడు. కింద విడిగా, 'ఆవిణ్ణి పురుగనకు' అని రాశాడు.

'అలాగేనండి సార్, పురుగు అన్న మాటే వాడనండి' అని జవాబు వచ్చింది. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. మర్నాడు జిల్లా పేజీలో, అన్నిటికంటే పైన, అదే పెళ్ళి ఫోటోతో: 'అంతరించిపోయింది మంగతాయారే! : జేమ్స్ మాస్టారు'.

తొమ్మిదింటికల్లా ఆకివీడు నుంచి చేపల వర్తకులు పెద్ద పూలదండ పట్టుకుని వచ్చారు. గుమ్మంలో దాన్ని అందుకున్నది మంగతాయారే.