పెద్దాయన తినని మీల్ మేకర్ కూర

ఆ ఉదయం రిటైరైన టీచరు ఆనందయ్య సారు కోరిక ఒక్కటే. మధ్యాహ్నం పార్టీ పెద్దాయన జమ్మలమడుగు నుంచి వచ్చి తన ఇంట్లో భోంచేయాలి. అవి ఫ్యాక్షన్ రోజులు. పెద్దాయన ఎవరింట్లో చెయ్యి కడిగితే సర్పంచి టిక్కెట్టు వాళ్లదే. ఇబ్బందల్లా అది క్రైస్తవులు ఉపవాసాలుండే శ్రమల కాలం కావడమే. సారు భార్య ప్రేమమ్మ ఈస్టరు దాకా ఇంట్లోకి మాంసం రానివ్వదు. పైగా పెద్దాయనకు షుగరు, సంగటి మానేశాడట. సారుకూ షుగరే కాబట్టి, తాను రోజూ తినే మీల్ మేకర్ కూరే చేయమన్నాడు.

పక్కింటి మస్తానమ్మ నానబోసిన ముక్కను నొక్కి చూసింది.

"ఏందిక్కా ఇది, స్పంజి మాదిరుంది?"

"సోయా. మాంసమంత బలమంట" అంది ప్రేమమ్మ.

"మొగోళ్లకు పెట్టగాకు! మీసాలు రాల్తాయంట."

వసారాలో ఉన్న సారు ఆ మాట విని లేచాడు. ఇన్నాళ్లూ తిన్నది తనే కదా! వెంటనే కాంపౌండరు జోసఫ్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఒట్టిమాట సార్. థైరాయిడ్ మాత్ర మింగేటప్పుడు మాత్రం కొంచెం ఎడం ఉండల్లంటారు" అన్నాడు జోసఫ్.

సారు అక్కడితో ఊరుకోలేదు. టీ అంగట్లో అడిగాడు, బస్టాండులో అడిగాడు. ఆయన ఇల్లు చేరేలోపు మాట నోటినోటికీ మారి, ఎదుటి పార్టీవాళ్లు సారు చేత పెద్దాయన కూరలో ఏదో కలిపిస్తున్నారని ఊరంతా పాకింది.

జీపులు దిగాయి. పెద్దాయన ముద్ద కలపబోతుండగా అనుచరుడు గఫూర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తినొద్దన్నా! మగతనం పోతాదంట!"

పెద్దాయన మీసం తడుముకున్నాడు. ప్రేమమ్మకు ఒళ్లు మండింది.

"ఏం మాటలప్పా అవి? మా ఆయనకు దినమూ ఇదే పెడతాండా. కావాలంటే చూడండి!"

అందరూ చూశారు. సారుకు మీసం లేదు. మొలిచిన నాటి నుంచీ గీయించుకుంటున్నానని ఆయన మొత్తుకున్నా వినేవాడు లేడు. జీపులు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి. సారుకు ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం ఎదుటి పార్టీ నాయకుడు స్వయంగా వచ్చాడు.

"బాంబులకు జంకనోణ్ణి కూరగిన్నెతో తరిమినావంటే శానా మొనగాడివి సార్! మా పార్టీ టిక్కెట్టు నీదే."

"కూర మిగిలిందన్నా, ఒక ముద్ద తినిపోండి" అంది ప్రేమమ్మ.

"వొద్దుమ్మా, మజ్జిగ చాలు" అన్నాడాయన గబగబా.

సోయా మంచిదో చెడ్డదో ఆ ఊళ్లో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆనందయ్య సారు మాత్రం రెండుసార్లు సర్పంచి అయ్యాడు.