గుర్నాథం ముఖానికి నప్పిన ఫ్రేము

ఒక పెద్ద అడవిలో గుర్నాథం అనే ముసలి కొండముచ్చు ఉండేవాడు. మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని పులిజాడ కనిపెట్టడం అతని ఉద్యోగం. పులి కనపడితే "ఖక్ ఖక్" అని అరిచేవాడు. ఆ అరుపును నమ్ముకునే కింద లేళ్ళు తలొంచుకుని మేసేవి.

ఈమధ్య అతనికి చూపు మందగించింది. మొన్నటికి మొన్న చీమలపుట్టను చూసి అరిచాడు. లేళ్ళ పెద్ద అచ్చమ్మ చెట్టుకిందికి వచ్చింది.

"తాతా, పుట్టని చూసి అరిచావు, పరిగెత్తాం, సరే. రేపు పులిని చూసి ఊరుకుంటే మా పిల్లల గతేంటి? వెళ్ళి కళ్ళజోడు పెట్టించుకో."

గుర్నాథానికి సిగ్గేసింది, భయమూ వేసింది. మర్నాడే కళ్ళజోళ్ళ కార్యాలయానికి పోయాడు. అక్కడ అధికారి కామేశం అనే నక్క. ముఖాల నిపుణురాలు నెమలి.

"బాబూ, దూరం ఆనడం లేదు," అన్నాడు గుర్నాథం.

"అది తర్వాత. ముందు నీ ముఖం ఏ ఆకారమో తేలాలి," అన్నాడు కామేశం. "గుండ్రటి ముఖానికి పలకల ఫ్రేము, కోలముఖానికి గుండ్రటి ఫ్రేము. రూలంటే రూలే."

నెమలి తీగతో కొలిచి పెదవి విరిచింది. "బొచ్చుతో కలిపి కొలిస్తే గుండ్రం. బొచ్చు వదిలేస్తే కోల. ఇంతకీ బొచ్చు ముఖంలో భాగమా, కాదా?"

రూలులో ఆ సంగతి లేదు. వెంటనే కమిటీ వేశారు. అది మూడు వారాలు కూర్చుంది. బొచ్చే ముఖమంది ఎలుగుబంటి. బొచ్చు లేనివాళ్ళకు ముఖం లేదా అని తాబేలు అలిగి తల లోపలికి లాక్కుంది. చివరికి బొచ్చును ముఖంలో కలిపేసి, పలకల ఫ్రేము ఖాయం చేశారు.

పెట్టుకుని చూస్తే అడవి ఎప్పటిలా మసకగానే ఉంది. తడిమితే వేలు నేరుగా కంట్లోకి పోయింది.

"బాబూ, ఇందులో అద్దాలేవీ?"

"అద్దాలు పెడితే తళుక్కున మెరిసి ఫ్రేము అందం చెడుతుంది తాతా," అంది నెమలి. "అబ్బ, ఎంత నప్పిందో! పదేళ్ళు తగ్గావు."

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంతమంది బాగుందంటుంటే కనపడటం లేదని ఎలా చెప్పడం? పైగా పదేళ్ళు తగ్గాడాయె! గుర్నాథం నోరు మూసుకుని చెట్టెక్కాడు.

అంతటితో కామేశం ఊరుకుంటాడా? ఆ మద్దిచెట్టు కిందే సభ పెట్టాడు. అచ్చమ్మ కూడా పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"ఇకమీదట ఈ అడవికి పులిభయం లేదు!" అని కామేశం ఉపన్యాసం అందుకున్నాడు.

దూరంగా పసుపుపచ్చగా ఏదో కదిలింది. ఎండుగడ్డి కాబోలనుకుని గుర్నాథం ఫ్రేము సవరించుకున్నాడు. ఎండుగడ్డి ఇంకా దగ్గరికి వచ్చింది. చప్పట్ల కోసం ఆగిన కామేశాన్ని వెనకనుంచి ఎవరో తోక పట్టి లాగారు. కెవ్వుమన్నాడు.

ఆ కేక పుణ్యమా అని లేళ్ళు పిల్లలతో సహా బతికిపోయాయి. కామేశం కూడా తోక వదులుకుని ప్రాణాలు దక్కించుకున్నాడు. ఆ గోలంతా విని, ఉపన్యాసం బాగా పండినట్టుంది అనుకున్నాడు గుర్నాథం.

పులి నోట్లోని తోక ఉమ్మేసి పైకి చూసింది.

"ఏమయ్యా, ఆ ఫ్రేము నీ ముఖానికి భలే నప్పిందే!"

గుర్నాథం పొంగిపోయాడు. "అందరూ ఆ మాటే అంటున్నారండీ. ఇంతకీ తమరెవరు?"

నీతి: పులి మన కంటికి ఆనకపోయినా ఫర్వాలేదు, పులి కంటికి మనం బాగుంటే చాలు.